నాలుగో మూల

ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఎర్రయ్య మేస్త్రీకి లేదు. ముందు చుట్ట ఆర్పేవాడు. తర్వాత, మూల వంకర పోయిందో లేదో చూసే ఇనుప మూలమట్టాన్ని చంకన పెట్టుకుని లేచేవాడు. దానితో ఆయనకి నలభై ఏళ్ల స్నేహం. మనుషులతో అంతకాలం పొసగలేదు. తోడల్లుడు సత్తెయ్యతో పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు. తప్పంతా అవతలివాడిదేనని అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఆ వేళ అడిగినవాడు శిష్యుడు జోగులు. ఆ ఏడాదే సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, నా వైపు అంతా సరిగ్గా ఉండి ఎదుటివాడి వైపే తప్పుంటే, వాణ్ణి ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?"

ఎవరి గురించో చెప్పనక్కర్లేదు. పదేళ్లుగా జోగులుకి పనిలో జోడీ పైడయ్య ఒక్కడే. ఆ ఇద్దరూ ధాన్యం కొట్టుకి పునాది గుర్తులు పెడుతున్నారు. మూడు మూలల మేకులు జోగులు దిగగొట్టాడు, నాలుగోది పైడయ్య. దారం చుట్టూ కట్టేశాక పైడయ్య మూలలో మూలమట్టం పెడితే చిటికెన వేలు పట్టేంత తేడా వచ్చింది. తెల్లారితే తవ్వకం. ఈలోగా పైడయ్యని పనిలోంచి పంపెయ్యాలని జోగులు నిశ్చయించుకునే వచ్చాడు. ఇక మేస్త్రీ ఊ అనడమే తరువాయి.

మేస్త్రీ చుట్ట ఆర్పాడు.

వాళ్లు వెళ్లేసరికి పైడయ్య ఇటుకల దొంతి మీద కూర్చుని మరమరాలు నములుతున్నాడు. "రండి మేస్త్రీ! దోషిని చూడ్డానికేనా? ఇదిగో, పారిపోకుండా కూర్చున్నాను."

మేస్త్రీ ఆ మాట పట్టించుకోలేదు. "ఒరే జోగులూ, సందు మలుపులో స్థలాలు చూశావుగా. ఒక పక్క రెండు మూలలూ బాగుంటాయి, రెండో పక్క రెండూ వంకర. అలాంటివి వంద కట్టాను. మూడు మూలలు సరిగ్గా ఉండి ఒక్కటే వంకరగా ఉన్న నాలుగు పలకల స్థలం ఎక్కడైనా చూశావా?"

జోగులు ఆలోచించాడు. గాలిలో వేలితో గీసి చూశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. ఎలా గీసినా మూడు కుదిరాక నాలుగోది తనంతట తానే కుదిరిపోతోంది.

"లేదు మేస్త్రీ. కానీ నా మూడూ నేనే చూశానండీ!"

"ఎప్పుడు చూశావు? దారం కట్టకముందా, కట్టాకా?"

జోగులు దారం వైపు తిరిగాడు. మేకు కొట్టిన రోజున చూశాడు. పైడయ్య మేకు దాకా దారం లాగి కట్టాక, తన మూలల దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు. వెళ్లింది పైడయ్య మూలకే.

మేస్త్రీ మూలమట్టం అందించాడు. మొదటి మూల చక్కగా కూర్చుంది, రెండోదీ కూర్చుంది. మూడోది కూర్చోలేదు. పైడయ్య మూల ఎంత మూసుకుందో, జోగులు మూల సరిగ్గా అంతే తెరుచుకుంది. టేపు లాగితే, పద్దెనిమిది అడుగులు ఉండాల్సిన చోట పైడయ్య పక్క రెండు వేళ్లు ఎక్కువ, జోగులు పక్క రెండు వేళ్లు తక్కువ.

పైడయ్య మరమరాల పొట్లం ముందుకు చాపాడు. "తీసుకో బావా. దోషులిద్దరికీ సరిపోతాయిలే."

జోగులుకి నవ్వాగలేదు. గుప్పెడు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఇద్దరూ వంగి మేకులు పీకారు. ఒకడు వెనక్కి జరిగాడు, ఒకడు ముందుకి జరిగాడు. దారం మళ్లీ బిగించాక నాలుగు మూలల్లోనూ మూలమట్టం సందు లేకుండా ఒదిగింది.

మేస్త్రీ ఇంటిదారి పట్టబోతుంటే పైడయ్య ఊరుకోలేదు. "ఒక్క మాట మేస్త్రీ. సత్తెయ్య గారి వైపు మూల మీరెప్పుడైనా కొలిచారా?"

జోగులు నాలిక కరుచుకున్నాడు. ఆ పేరు మేస్త్రీ ముందు ఎత్తినవాడు బతికి బట్టకట్టినట్టు అతనెరగడు.

మేస్త్రీ ఆగాడు. మూలమట్టాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"వాడి మూల రోజూ కొలుస్తూనే ఉన్నానురా," అన్నాడు. "నా మూల దగ్గరే, దారం కట్టాక మళ్లీ మట్టం పెట్టలేదు."