కోరయ్య కట్టిన గట్టు

మద్దికోన అడవిలో జోడేరు అనే నది ఉండేది. దాని ఒడ్డున అడవిపందులు, కుందేళ్లు కొర్రలు పండించుకునేవి. ఏటా వానాకాలంలో ఏరు పొంగి, వారం పది రోజులు చేలను ముంచి, తనంతట తానే తగ్గేది.

ఒక ఏడు వరద ఒడ్డు మీది గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయింది. పందుల పెద్ద కోరయ్య ఏటిని చూసి పళ్లు కొరికాడు. ఇకమీదట దీన్ని మన చేలల్లో అడుగు పెట్టనివ్వనని మందకు చెప్పాడు.

మట్టి తవ్వడం పందులకు పుట్టుకతో వచ్చిన పని. వేసవి అంతా మూతులతో మట్టి ఎత్తి, తమ చేల పొడవునా గట్టు కట్టాయి.

పక్కనున్న కుందేళ్లు ఇళ్లను మెరక మీదికి మార్చుకున్నాయి. చేలను పల్లంలోనే ఉంచాయి. వరద తీశాకే విత్తనం చల్లాలని వాటి పెద్ద చెవులమ్మ చెప్పింది.

కోరయ్య గట్టెక్కి నవ్వాడు. "ఏం చెవులమ్మా, ఏరొస్తుందని కొండెక్కావా?"

"వస్తే ఎక్కుతాను, పోతే దిగుతాను బావా. దానితో నాకు పంతమేంటి?"

మొదటి ఏడు గట్టు వరదకు తట్టుకుని నిలిచింది. పందుల చేలో చుక్క వరద నీరు చేరలేదు. కోరయ్య మెడ మరింత నిక్కింది. రెండో ఏడు కంకులు చిన్నవయ్యాయి. మూడో ఏడు నేల గట్టిపడి, పైరు జానెడు ఎత్తులోనే ఎండింది. కోరయ్య ముందు విత్తనాలను తిట్టాడు, తర్వాత ఎండను తిట్టాడు.

అవతల వరద వదిలిన నల్లటి ఒండ్రు మీద కుందేళ్ల కొర్రలు విరగపండాయి. తినగా మిగిలిన గింజలకు గాదెలు లేచాయి. అందరూ చేలోనే ఉండాల్సిన పని తప్పింది. కొన్ని కుందేళ్లు కుండలు చేశాయి, కొన్ని బుట్టలు అల్లాయి. ఏదుపందులు, ఉడుతలు వచ్చి చేరాయి. మెరక మీద వీధులు ఏర్పడ్డాయి.

ఒక ఉదయం కోరయ్యకు తన మంద కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే, తల్లులూ పిల్లలూ కుందేళ్ల గాదె ముందు వరసలో నిలబడి ఉన్నాయి.

"మా నేలకేమైంది, చెవులమ్మా?" అన్నాడు తల దించుకుని.

ఆమె మొదట గంపెడు గింజలు అతని ఎదుట పెట్టింది. "నేలకు తిండి లేదు బావా. ఏరు తెచ్చే మట్టే దాని తిండి. మూడేళ్లుగా నువ్వే అడ్డుకున్నావు."

కోరయ్య గింజలు ముట్టలేదు. తిన్నగా వెళ్లి గట్టును తవ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మంద వచ్చి అతని పక్కన చేరింది. ఆ ఏడంతా పందులు కుందేళ్ల గింజలే తిని బతికాయి.

వానాకాలంలో ఏరు వాటి చేలోకి వచ్చి తొమ్మిది రోజులు ఉంది. నీళ్లు తీశాక అందరికంటే ముందు కోరయ్యే దిగి, మోకాలి లోతు ఒండ్రులో చాలాసేపు నిలబడ్డాడు.

నీతి: ఏటి రాకపోకలు తెలిసి నడుచుకునేవారి చేలే పండుతాయి, వారి ఊళ్లే నిలుస్తాయి.