అరబ్బు గుర్రానికి ఇచ్చిన మాట

పూర్వం సముద్రం ఒడ్డున మౌక్తికపురమనే పట్నం ఉండేది, పిల్లలూ. దాన్ని ఏలే రాజుకు ఒక్కడే కొడుకు, పేరు విక్రాంతుడు. మంచివాడే. చదువు తెలుసు, కత్తి తిప్పడం తెలుసు. కానీ ఎక్కడికి వెళ్లినా నలుగురూ తనను చూసి మెచ్చుకోవాలి. అది లేకపోతే ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు.

పొరుగుదేశపు రాజకుమార్తె కువలయతో అతనికి పెళ్లి కుదిరింది. పందిళ్లు వేశారు, తోరణాలు కట్టారు. ఇంతలో కంకాళుడనే మాంత్రికుడు నల్లమబ్బులా దిగివచ్చి, తోటలో పూలు కోస్తున్న కువలయను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో, తలుపుల్లేని కోటలో ఆమెను దాచాడు.

ఓడ వేసుకుని వెళ్దామంటే, ఓడ కనబడితే చాలు, కంకాళుడు ముంచేస్తాడు. నీళ్లమీద పరుగెత్తే గుర్రం కావాలి. అటువంటి గుర్రాలు అరబ్బు దేశంలోనే పుడతాయి. అదృష్టం బాగుండి, అప్పుడే రేవులో అరబ్బు ఓడ ఆగింది. జాబిర్ అనే ముసలి వర్తకుడు మూడు గుర్రాలను ఇసుకలోకి దింపాడు.

ఒకటి వెన్నెల లాంటి తెల్లగుర్రం. ఒకటి నిగనిగలాడే నల్లగుర్రం. మూడోది గోధుమరంగు ఆడగుర్రం. పొట్టిది, ఒళ్లంతా దుమ్ము. దాని పొట్ట కింద కొత్తగా పుట్టిన పిల్ల ఒకటి పాలు తాగుతోంది.

"తాతా, తెల్లదాన్ని ఇప్పించు" అన్నాడు విక్రాంతుడు.

"తొందరపడకు నాయనా. ముందు మూడింటికీ నీళ్లు పెడతాను, చూడు" అన్నాడు జాబిర్.

తొట్టిలో నీళ్లు పోశాడు. తెల్లగుర్రం ముందుకాళ్లు వంచి తాగింది. నల్లగుర్రమూ వంచి తాగింది. గోధుమరంగు గుర్రం కాళ్లు నిటారుగా ఉంచి, మెడ మాత్రమే వంచి తాగింది.

"మా దేశంలో మేలుజాతిని ఇలా గుర్తుపడతాం" అన్నాడు జాబిర్.

విక్రాంతుడు నవ్వాడు. "దీన్నెక్కి పోతే ఊళ్లోవాళ్లు నన్నేమనుకుంటారు తాతా?"

తెల్లగుర్రమెక్కి బయల్దేరాడు. జనం చప్పట్లు కొట్టారు. మొదటి అల కాలికి తగలగానే ఆ గుర్రం బెదిరి వెనక్కి తిరిగింది. నల్లగుర్రమెక్కి బయల్దేరాడు. అది ఒక సముద్రం దాటింది, రెండోదాని హోరు విని ఇంటిదారి పట్టింది. అప్పుడు తలవంచుకుని గోధుమరంగు గుర్రం దగ్గరికి వచ్చాడు.

దాని వీపు మీద కూర్చోగానే మెత్తని గొంతు వినబడింది.

"యువరాజా, నా మాట నన్ను ఎక్కినవాళ్లకే వినిపిస్తుంది. నిన్ను ఏడు సముద్రాలూ దాటిస్తాను. కానీ నా పిల్ల పాలు మరవలేదు. అమావాస్య దాకా ఎలాగో ఓర్చుకుంటుంది. ఆ రోజు పొద్దుగూకేలోగా నన్ను దాని దగ్గరికి చేర్చాలి."

"చేరుస్తాను తల్లీ, ఒట్టు" అన్నాడు విక్రాంతుడు. పిల్లను అశ్వశాలలో కాపరి మాచన్నకు అప్పగించి బయల్దేరారు.

గుర్రం సముద్రం తర్వాత సముద్రం దాటింది. దాని డెక్కల కింద నీళ్లు రాతినేలలా మోగాయి. ఏడో సముద్రంలో ఆగి అది నెమ్మదిగా చెప్పింది: "కంకాళుడి ప్రాణం ఒక లకుముకిపిట్టలో ఉంది. అది ఎవరి చేతికీ చిక్కదు. నేను రాయిలా నిలబడతాను. నువ్వు నా మెడ వెనక దాక్కో."

అలలు ముఖాన కొడుతున్నా గుర్రం కన్ను ఆర్పలేదు. నీలిరంగు పిట్ట వచ్చి, బండరాయి అనుకుని, దాని చెవి మీద వాలింది. విక్రాంతుడు గభాలున పట్టుకుని మెడ విరిచాడు. దీవిలో కంకాళుడు నేలకూలాడు. కోట పొగలా విడిపోయింది. గుర్రం దీవి ఒడ్డు చేరగానే కువలయ ఏడుస్తూ, నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

ఇద్దరినీ ఎక్కించుకుని గుర్రం అమావాస్య నాటి పొద్దున్నే ఊరి కోటవాకిలి చేరింది. దాని పొదుగు నిండి పాలు కారుతున్నాయి.

వాకిట్లో మంత్రులు, మేళతాళాలు, పూలు. ముఖమల్ జీను వేసిన తెల్లగుర్రం సిద్ధంగా ఉంది.

"యువరాజా, ఊరేగింపుకు ఇది ఎక్కండి. ఆ దుమ్ముగుర్రం మీద జయజయధ్వానాలు ఏం బాగుంటాయి?" అన్నాడు పెద్దమంత్రి.

తనకోసం తెచ్చిన పల్లకీలోంచి కువలయ పిలిచింది. "ముందు గుర్రాన్ని పిల్ల దగ్గరికి తీసుకెళ్లండి. దారంతా అది ఆ మాటే అంది."

"వెళ్తానులే. ఇంకా బోలెడు పొద్దుంది. నేనే స్వయంగా తీసుకెళ్తాను" అని అతను దిగిపోయాడు. తాను వచ్చేదాకా గుర్రాన్ని అక్కడే కట్టెయ్యమని భటులకు చెప్పాడు.

ఒక వీధి అనుకున్నది రెండయింది. రెండు పది అయ్యాయి. మేడల మీంచి పూలు కురిశాయి. ఆడవాళ్లు హారతులిచ్చారు. వాకిట్లో గుర్రం తాడు తెంపుకోవాలని చూసింది, సకిలించింది. దాని మాట భటులకేం తెలుసు? పొగరుగుర్రమనుకుని రెండో తాడు కట్టారు.

దీపాలు పెట్టే వేళకు విక్రాంతుడికి గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్లి తాళ్లు కోసి గుర్రాన్ని అశ్వశాలకు తీసుకెళ్లాడు. గడ్డి మీద పిల్ల పడుకుని ఉంది. మాచన్న దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడే పోయింది బాబూ. పొద్దున తల్లి సకిలింపు వినగానే లేచి నిలబడింది. వస్తోందనుకుని నేనూ తలుపు తీసే ఉంచాను."

తల్లి వంగి పిల్లను నాకింది. తెల్లారేదాకా నాకుతూనే ఉంది.

పెళ్లి జరిగింది. విక్రాంతుడు రాజయ్యాడు. రోజూ తన చేత్తోనే గుర్రానికి దాణా పెట్టేవాడు. అది తినేది. కానీ దాన్ని ఎక్కడానికి మాత్రం అతనికి ధైర్యం చాల్లేదు. ఎక్కితే ఏం వినాల్సొస్తుందో!

మళ్లీ జాబిర్ ఓడ వచ్చింది. గుర్రాన్ని దాని దేశానికి పంపేయాలని నిశ్చయించుకుని, రాజు ఆఖరుసారి దాని వీపెక్కాడు. రేవు దాకా అది ఏమీ అనలేదు.

"తల్లీ, ఒక్కసారి తిట్టు. నా మనసు తేలికపడుతుంది" అన్నాడు రాజు.

గుర్రం పలికింది. "మా జాతిలో పిల్ల పరుగు చూసి పేరు పెడతాం. పరుగెత్తాక పెట్టొచ్చులే అనుకున్నాను. ఇప్పుడు దాన్ని తలుచుకుందామంటే పిలవడానికి పేరు లేదు. దిగు నాయనా, ఓడ కదులుతోంది."

అది బల్ల మీదుగా ఓడెక్కింది. వెనక్కి చూడలేదు. తెరచాప కనుమరుగయ్యేదాకా రాజు ఇసుకలోనే నిలబడ్డాడు.

ఆ తర్వాత విక్రాంతుడూ కువలయా చాలాకాలం ప్రజలను చల్లగా ఏలారు. వాళ్లకు ముగ్గురు బిడ్డలు పుట్టారు. మంచిరోజు చూసి పేరు పెట్టాలని పురోహితులు ఎంత చెప్పినా రాజు ఆగేవాడు కాదు. పురిటిగది గుమ్మంలో నిలబడి, తొలి ఏడుపు వినగానే, లోపలికి పేరు పెట్టి పిలిచేవాడు.