రాజుగారి తలంటు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన చంపింది ఒక్క పులిని, చెప్పుకున్నది వెయ్యిసార్లు. ఆ కథ వినని చెవి రాజ్యంలో లేదు.

అందుకే రేవులోకి చీనా ఓడ వచ్చిందనగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. ఓడ నాయకుడికి విందు ఏర్పాటు చేశాడు. పులి సంగతి చీనా భాషలో తానే చెబుతానని దుబాసీ సింగరయ్య దగ్గర మూడంటే మూడు మాటలు నేర్చుకున్నాడు: పులి, చంపడం, రాజు. ఆ వరుసలోనే చెబుతానన్నాడు. మొదట పులి అంటే వినేవాడు అదిరిపోవాలట, చివర రాజు అంటే సభ మోగిపోవాలట.

సింగరయ్య చేతులు జోడించాడు.

"మన మాటలకు తోకలుంటాయి ప్రభూ. పులిని అన్నామంటే ఎక్కడ పెట్టినా చచ్చేది పులే. చీనావారి మాటలకు ఆ తోకల్లేవు. ముందు నిలబడ్డవాడిది పని, వెనక నిలబడ్డవాడిది బాధ. తమరు చెప్పినట్టు చెబితే..."

"మూడు మాటలూ ఉన్నాయా లేదా? ఉంటే ఏది ముందైతేనేం?" అన్నాడు రాజు. ఇంకోసారి వరుస పేరెత్తితే ఊరు విడిచి పొమ్మన్నాడు.

పుట్టి పెరిగిన ఊరు వదలాలంటే సింగరయ్యకు దుఃఖం వచ్చింది. ఊరుకుందామా అంటే, పరదేశి ముందు రాజు నవ్వులపాలైతే ఆ తప్పూ తన నెత్తికే చుట్టుకుంటుంది. తిన్నగా వెళ్ళి స్నానశాల పరిచారకులతో మాట్లాడి వచ్చాడు.

విందునాటి ఉదయం రాజు తలంటుకు కూర్చున్నాడు. ముందు సాంబ్రాణి పొగ వేశారు. తరవాత పట్టుబట్టలు కట్టారు. ఇదేదో కొత్త మర్యాద కాబోలని ఆయన మురిసిపోయాడు. ఆ పట్టుబట్టల మీదే కడవెడు వేన్నీళ్ళు కుమ్మరించి, కుంకుడు రసం పోసి, చివర నెత్తిన గిన్నెడు నూనె ఒంపారు.

కళ్ళు మండిపోతుంటే, ఎవడు చేయించాడీ పని అని రాజు గర్జించాడు. సింగరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"నూనె, కుంకుడు, నీళ్ళు, బట్టలు, సాంబ్రాణి. అన్నీ ఉన్నాయి ప్రభూ. ఏది ముందైతేనేం?"

రాజు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. గడ్డం నుంచి నూనె కారుతోంది. "అయితే నేను చెప్పబోయింది ఏమిటి?" అని మెల్లగా అడిగాడు.

"పులి రాజును చంపిందని. పాపం ఆ నాయకుడు తమరి ఎదుటే తమరికి సంతాపం చెప్పేవాడు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. విందులో మూడు మాటలూ సరైన వరుసలో చెబితే ఓడ నాయకుడు లేచి నిలబడి వంగి నమస్కరించాడు. ఇక రాజు సింగరయ్యను వదిలితేనా? నిన్న అనే మాట ఎక్కడ పెడతారు, రేపు అనే మాట ఎక్కడ పెడతారు అని ఒకటే ప్రశ్నలు. చేసే పనికి ముందే పెడతారని సింగరయ్య ఓపిగ్గా చెప్పాడు.

"బాగుంది. ఏం కావాలో కోరుకో. ఆలోచించి ఇస్తాను," అన్నాడు రాజు.

"వరుస మార్చండి ప్రభూ. ముందు ఇవ్వండి, తరవాత ఆలోచించండి."

రాజు ముందు చేతి కంకణం తీసి ఇచ్చాడు, తరవాత నవ్వాడు.