గట్టు మీద గడ్డి

నరసింహస్వామి మనందరినీ చల్లగా చూడాలి, కాస్త దగ్గరికి జరిగి వినండి! పూర్వం ఒక రాజుగారి గుర్రాలకు గడ్డి పెంచే నూకాలమ్మ ఉండేది. ఆమె బతుకంతా ఆ గడ్డిచేనే.

ఒకనాడు కాలువల అధికారి వీరభూపతి, గుర్రపుశాల అధికారి సోమరాజు రాజుగారి ముందు తగువుపడ్డారు.

"గడ్డి పెరిగింది నా నీళ్లకే!" అన్నాడు వీరభూపతి.

"నా గుర్రాల లద్దె ఎరువుకే!" అన్నాడు సోమరాజు. నూకాలమ్మ దండగ అన్నారు ఇద్దరూ.

రాజుగారు చేను చెరిసగం పంచి, ఎవరికి వారే పెంచి చూపమన్నారు.

నూకాలమ్మ ముందుకొచ్చింది. స్వామిని తలుచుకుని, "మహాప్రభూ, నడిమి గట్టయినా నాకు వదలండి," అంది.

"గట్టా! ఏలుకో అమ్మా, ఏలుకో!" అని నవ్వారు అధికారులు.

పంతం కొద్దీ ఒకడు ఎరువు తాకనివ్వలేదు, ఇంకొకడు నీరు రానివ్వలేదు. రెండు నెలలకు నీళ్ల మడిలో గడ్డి పాలిపోయింది, ఎరువు మడిలో మాడిపోయింది. అటునుంచి ఊరిన నీరూ, ఇటు బండ్లనుంచి ఒలికిన ఎరువూ కలిసిన గట్టు మీద మాత్రం నడుమెత్తు పచ్చగడ్డి! ఏది ఎక్కడికి చేరుతుందో నూకాలమ్మకు తెలియదూ మరి! రాజుగారు చేను చూడడానికి రాగానే ఆయన గుర్రం కళ్లెం విడిపించుకుని అక్కడికే పరుగెత్తింది.

"అది నా నీళ్లే!" "నా ఎరువే!" అని అరిచారిద్దరూ.

"కాదన్నానా అయ్యా?" అంది నూకాలమ్మ. "మీరిద్దరూ కలిసింది నా గట్టు మీదే కదా!"

రాజుగారు పకపకా నవ్వి చేనంతా ఆమెకే అప్పగించారు. ఆనాటి నుంచి వీరభూపతి నీళ్లు కట్టించేవాడు, సోమరాజు ఎరువు తోలించేవాడు. ఎప్పుడో, ఎంతో చెప్పేది మాత్రం నూకాలమ్మే. ఆ గుర్రాల నిగనిగ మనందరికీ కలుగుగాక!