తవుడుకు కొన్న బిడ్డ

పిల్లల డాక్టరు సన్యాసిరావు గారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే దొరకదు. అడిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తన పని తాను చేసుకుపోతారు. పార్వతీపురం దగ్గర ఆయన ఆసుపత్రికి శిక్షణ కోసం వచ్చే కుర్ర డాక్టర్లలో చాలామందికి దీంతో ఒళ్లు మండేది. ఒళ్లు మండినా ఓర్చుకున్నవాళ్లు మాత్రం నాలుగు విషయాలు నేర్చుకుని వెళ్లేవాళ్లు.

ఒక టీకాల రోజు పొద్దున, అలా వచ్చిన మృణాళిని అడిగింది: “గురువుగారూ, టీకా వేసేముందు అడగాల్సినవన్నీ అడుగుతాం. అయినా బిడ్డకు కీడు జరిగితే ఆ తప్పు ఎవరిది?”

“ముందు ఆ వచ్చినవాళ్లను చూడమ్మా,” అన్నారాయన.

వచ్చింది పైడమ్మ అనే పెద్దావిడ, ఆమె కోడలు, కోడలి ఒళ్లో నెల దాటని ఆడపిల్ల. పురుడు ఇంట్లోనే జరగడంతో బిడ్డకు క్షయ టీకా పడలేదు. ఆ టీకాలో ఉండేది చచ్చిన క్రిమి కాదు, బతికే ఉన్న నీరసపు క్రిమి. మామూలు బిడ్డకైతే భుజం మీద చిన్న పొక్కు లేచి, దానంతటదే మానిపోతుంది. పుట్టుకతోనే రోగాన్ని ఆపే శక్తి లేని బిడ్డకు మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి లోపం ఒకే తల్లి బిడ్డల్లో మళ్లీ మళ్లీ రావచ్చు. అందుకే మృణాళిని పద్ధతి ప్రకారం అడిగింది: “మీ ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డలెవరైనా చనిపోయారా?”

“అదేటి మాట తల్లీ. మా ఇంట అలాటిదేటీ నేదు,” అంది పైడమ్మ చటుక్కున. కోడలు తల వంచుకుంది.

మృణాళిని మందు సూదిలోకి ఎక్కించి బిడ్డ ఎడమ భుజం పట్టుకుంది. సన్యాసిరావు గారు వంగి బిడ్డ బుగ్గ తాకి, “పేరేటమ్మా?” అన్నారు.

“తవిటమ్మ, బాబూ.”

ఆయన మృణాళిని చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆ పక్క ఊళ్లలో ఆ పేరు ఊరికే పెట్టరు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, తర్వాతి బిడ్డను పొరుగువాళ్ల చేతిలో పెట్టి, కాస్త తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటారు. ఇది మా బిడ్డ కాదు, కొనుక్కున్నది అంటే యముడు పట్టించుకోకుండా పోతాడని వాళ్ల ఆశ. అందుకే పోయిన బిడ్డల ఊసు పైకి ఎత్తరు. పట్నంలో పెరిగిన మృణాళినికి అది ఒట్టి పేరే.

“ఎవరింట కొన్నారమ్మా?” అని మెల్లగా అడిగారాయన.

పైడమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కోడలే చెప్పింది: “పక్కింటోల కాడ, బాబూ. దీనికి ముందు ఇద్దరు మగపిల్లలు. పాకడం కూడా రాకండానే జొరాలొచ్చి పోనారు.” ఆ మాట అని, బిడ్డను గుండెకు అదుముకుని ఏడ్చింది.

టీకా ఆపి, బిడ్డ రక్తం పరీక్షకు పంపారు. అనుమానం నిజమైంది. ఆ ఒంట్లో నీరసపు క్రిమిని అడ్డుకునే శక్తి కూడా లేదు.

వైద్యం కోసం తల్లీబిడ్డల్ని విశాఖపట్నం బండి ఎక్కించి వచ్చాక ఆమె ఉండబట్టలేక అంది: “అంత సూటిగా అడిగానండీ. అయినా ఆ పెద్దావిడ నాకు అబద్ధం చెప్పింది గదా?”

సన్యాసిరావు గారు చేతులు కడుక్కుంటున్నారు.

“నీకు చెప్పలేదమ్మా, యముడికి చెప్పింది. నువ్వు ఆయనకు వినబడేలా అడిగావు.”