నాలుగు లాగి ఆగే తాడు

నడుం వాల్చావా? ఇటు తిరుగు, జోకొడతాను. రోజూ అడుగుతావు కదా, అమ్మమ్మా నాలుగు తట్టి ఎందుకు ఆగుతావు, ఐదోది గబుక్కున ఎందుకు తట్టవు అని. ఇవాళ చెప్తాను. నువ్వు ఊఁ కొట్టడం మానావంటే కథ అక్కడే ఆగిపోతుంది, తెల్లారాక నా మీద నేరం పెట్టకు.

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి ఒడ్డున, ఎవరి గుమ్మం ముందు చూసినా తెల్లటి చెక్కపొట్టు రాలి ఉండే ఊళ్ళో, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. అక్క పేరు అప్పలకొండ. చెల్లెలి పేరా? దానికేం తొందర, వస్తుందిలే. వాళ్ళకి తల్లీ తండ్రీ లేరు. అక్కే చెల్లెలికి తల దువ్వింది. అక్కే అన్నం కలిపి పెట్టింది. అల్లరి చేస్తే వీపు మీద రెండు వేసింది కూడా అక్కే.

వాళ్ళది తరిమెన పని. తరిమెన అంటే ఏమిటో తెలుసా? నేలలో రెండు గుంజలు పాతుతారు. వాటి మధ్యలో కర్రముక్క బిగిస్తారు. ఆ కర్రకి తాడు రెండు చుట్లు చుడతారు. ఒకరు కూర్చుని తాడు ఇటు లాగి అటు లాగుతూ ఉంటే కర్ర గిర్రున తిరుగుతుంది. అప్పుడు రెండోవాళ్ళు దానికి ఉలి ఆనించి గిన్నె తొలుస్తారు. ఒంటి మనిషి చేసే పని కాదమ్మా అది.

చెల్లెలు లాగేది, అక్క తొలిచేది. నాలుగు లాగుళ్ళు లాగి చెల్లెలు ఆగేది. అప్పుడు అక్క వంగి, ఫూ అని పొట్టు ఊదేది. గిన్నె లోపల బొటనవేలు తిప్పి చూసేది. బాగుంటే తల ఊపేది. మళ్ళీ నాలుగు లాగుళ్ళు, మళ్ళీ ఫూ. పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా ఇద్దరి మధ్యా పెద్దగా మాటలు ఉండేవి కావు, వాటితో పనీ ఉండేది కాదు.

గిన్నె తొలిచాక రంగు లక్క కడ్డీ దాని మీద ఆనించేవారు. తిరుగుతున్న కర్ర వేడికి లక్క కరిగి పట్టుకునేది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే, ఆ మెరుపు చూడాలి, మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఆ గిన్నెల్లో ఎవరూ వండరు, ఎవరూ తినరు. పీట మీద పెట్టి చూసుకుని మురిసిపోవడానికే.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తరిమెన వాళ్ళ ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు ఒక గిన్నె పట్టుకు వెళ్ళాలి. ఆ గిన్నెకి తాడు పెళ్ళికూతురే లాగాలి. మరొకరు లాగితే అది ఆ పిల్ల గిన్నె కాదు.

చెల్లెలికి పెళ్ళి కుదిరింది. మూడు పొద్దుల నడక దూరంలో పాడిగేదెల ఊరు, మంచి పిల్లాడు. అక్క తనే వెళ్ళి అంకుడు కొమ్మ ఏరి కొట్టించి తెచ్చింది. పాలలాంటి తెల్ల కర్ర. ఇద్దరూ గిన్నె మొదలుపెట్టారు. అప్పుడు పెళ్ళివారి నుంచి కబురొచ్చింది, పెళ్ళికొడుకు నాయనమ్మకి బాగాలేదు, ముహూర్తం ముందుకు జరపాలని. గిన్నె సగంలో ఉండగానే పెళ్ళి అయిపోయింది, బండి గుమ్మం ముందుకి వచ్చేసింది.

బండి ఎక్కిన చెల్లెలి చేయి పట్టుకుని అక్క ఒక్క మాట చెప్పింది.

"ఏడవకే సెల్లీ. గిన్నె పూర్తి సేసి నానే అట్టుకొస్తాను."

చెప్పడమైతే చెప్పేసింది. మరి తాడు లాగేది ఎవరు? పైగా అది పచ్చి కర్ర. సగంలో ఆపేస్తే ఎండకి ఆరిపోయి నెర్రె విచ్చుతుంది. ఆచారం సంగతి తర్వాత, ముందు కర్ర దక్కాలి అనుకుంది అక్క.

మొదట పక్కింటి గవరయ్యని పిలిచింది. గవరయ్య బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి. నూతిలోంచి చేద లాగినట్టు లాగాడు. ఉలి ఎగిరి గిన్నె అంచుకి గాటు పడింది. అక్క దండం పెట్టి, నాయనా నువ్వు వెళ్ళి బస్తాలే ఎత్తుకో అంది.

ఆ తర్వాత ఎదురింటి మేకపోతుకి తాడు కట్టింది. నవ్వకే, నిజంగానే. పందిరికి చింతచిగురు రెమ్మ వేలాడదీసింది. మేకపోతు చిగురు కోసం ఒక్క లాగు లాగింది. వెనక్కి రమ్మంటే వస్తుందా? చిగురు తినేసి, తాడుతో సహా వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

మూడోసారి వెదురు గడ పాతి, దాని కొసకి తాడు కట్టి, కర్రకి చుట్టి, తాడు రెండో కొస కాలితో తొక్కింది. కర్ర తిరిగింది. వెదురు అలిసిపోదు, అలగదు, అన్నం అడగదు. మిగతా గిన్నెలన్నీ దాని మీద చక్కగా వచ్చాయి, ఊరంతా మెచ్చుకుంది. కానీ చెల్లెలి గిన్నె బిగించి నాలుగు తొక్కుళ్ళు తొక్కి, వంగి ఫూ అని ఊదిందో లేదో, అక్కకి ఏడుపు వచ్చేసింది. తల ఎత్తితే ఎదురుగా ఎవరూ లేరు మరి. గిన్నె విప్పేసింది. తడిగుడ్డ చుట్టింది. కుండలో తడి ఇసుక పోసి అందులో దాచింది.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఆ గుడ్డ తడుపుతూనే ఉంది. ఒక ఏడు కాదు, మూడేళ్ళు. మూడేళ్ళు కర్ర పచ్చిగా ఉంటుందా అని పెద్దవాళ్ళు అడుగుతారు. నువ్వు అడగకు.

మరి అక్క చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళొచ్చు కదా అంటావు. గిన్నె తెస్తానని మాటిచ్చి ఒట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనేది. చెల్లెలు రావచ్చు కదా అంటావు. పుట్టింటివాళ్ళు వచ్చి పిలిస్తేనే గానీ ఆడపిల్లని పంపేవారు కాదు ఆ రోజుల్లో. గిన్నె లేకుండా అక్క వెళ్ళదు, చెల్లెలు లేకుండా గిన్నె అవదు, అక్క వెళ్ళి పిలవకపోతే చెల్లెలు రాదు. అలా కూర్చుంది మొండిది. ఆ మొండితనమే మీ అమ్మకి వచ్చింది, నీకూ వచ్చేలా ఉంది. అదే... ఆ ఊరి నీళ్ళే అలాంటివి అంటున్నాను. పడుకో, పడుకో.

ఇక్కడ చెల్లెలి సంగతి వినాలి. వాళ్ళ అత్తగారి పేరు గున్నమ్మ. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. రోజూ తెల్లారగానే చెల్లెలు మజ్జిగ చిలకాలి. గుంజకి కవ్వం కట్టి, తాడు చుట్టి, ఇటు లాగి అటు లాగాలి. అదే తాడు, అదే లాగుడు. కుండ ముందు కూర్చోగానే దాని చేతులు పుట్టింటికి వెళ్ళిపోయేవి. నాలుగు లాగి ఆగేది. మళ్ళీ నాలుగు లాగి ఆగేది. వెన్న పడితే ఒట్టు.

మొదటి రోజు గున్నమ్మ, పాపం చేతులు నొప్పేమో అనుకుంది. రెండో రోజు, ఇదేం బద్ధకం అని సణిగింది. మూడో రోజు వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎవులి కోసం ఆగుతన్నావే?"

"మా అక్క పొట్టు ఊదుకోవాల కదత్తా," అంది చెల్లెలు. అన్నాక గానీ ఏమన్నదో దానికే తెలియలేదు.

గున్నమ్మ కుండ పక్కన కూర్చుంది. కొంగుతో కోడలి మొహం తుడిచింది. "అయితే ఆగు. మజ్జిగెక్కడికీ పారిపోదు," అంది. ఆ తర్వాత ఇంక ఎప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో వెన్న అందరికంటే ఆలస్యంగానే పడేది.

మూడో వేసవి వచ్చింది. రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారే, అలాంటి ఎండలు. ఊళ్ళో నూతులు అడుగంటాయి. ఒక రోజు అక్క తడిగుడ్డ విప్పి చూస్తే గిన్నె అంచున వెంట్రుకంత నెర్రె. గవరయ్య గాటు పెట్టాడు చూడు, సరిగ్గా అక్కడి నుంచి. ఇంక రెండు వారాలు ఇలాగే కూర్చుంటే గిన్నే ఉండదు, చెల్లెలింటికి వెళ్ళడానికి దారీ ఉండదు. అప్పుడు తెలిసింది దానికి, మూడేళ్ళూ తను కాపాడింది కర్రని కాదు, తన మొండితనాన్ని అని.

ఉలి తీసుకుంది. రెండు లక్క కడ్డీలు, నాలుగు మొగలి ఆకులు మూట కట్టింది. గిన్నెని తడిగుడ్డలో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుని బయల్దేరింది.

మొదటి పొద్దు ఏరు దాటింది. ఏట్లో నీళ్ళు లేవు. ఇసుకలో చేత్తో చెలమ తవ్వి, ఊరిన దోసెడు నీళ్ళతో గుడ్డ తడిపింది. రెండో పొద్దు కొండ వార నడిచింది. అక్కడ చెలమా లేదు. తాగడానికి సొరకాయ బుర్రలో తెచ్చుకున్న నీళ్ళు గుడ్డ మీద పోసింది. మూడో పొద్దు తను దాహంతో తూలిపోతుంటే ఒక గీతకార్మికుడు జాలిపడి మూడు ముంజెలు చేతిలో పెట్టాడు. అక్క వాటిని చిదిమి ఆ నీళ్ళు కూడా గుడ్డకే పోసింది. అతను తిట్టాడు. తిట్టి, ఇంకో మూడు ఇచ్చి, దగ్గర నిలబడి తినిపించాడు. ఆ రాత్రి అక్కడే ఒక పాకలో పడుకుని, తెల్లవారుజామున లేచి పాడిగేదెల ఊళ్ళోకి వచ్చింది.

వచ్చింది సరే, చెల్లెలి ఇల్లు ఏది? ఎప్పుడూ చూస్తే కదా. అప్పుడే తెల్లారుతోంది. ఊరంతా మజ్జిగ చిలుకుతోంది. ఏ ఇంట్లో విన్నా చుయ్యి చుయ్యి చుయ్యి అని కవ్వం చప్పుడే. అక్క వీధిలో నడుచుకుంటూ వెళ్తోంది. ఒక ఇంటి ముందుకి వచ్చేసరికి, చుయ్యి, చుయ్యి, చుయ్యి, చుయ్యి. ఆగింది.

అక్క కూడా ఆగిపోయింది. మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆగింది.

అక్క ఎవరినీ అడగలేదు. తలుపు తోసుకుని చెల్లెలి వెనక్కి వెళ్ళి నిలబడింది. మళ్ళీ నాలుగు లాగి తాడు ఆగగానే, వంగి, దాని భుజం మీదుగా ఊదింది. ఫూ.

చెల్లెలు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరేమోనని భయం. తాడు వదల్లేదు, అలాగే పట్టుకుని ఏడ్చింది. అక్క దాని పక్కన కూలబడి తనూ ఏడ్చింది. గున్నమ్మ వచ్చి చూసి, ఎవరు ఏమిటి అని ఒక్క మాట అడగలేదు. పోయి గంజి కాచింది.

ఆ రోజు మజ్జిగ చిలకలేదు. కవ్వం విప్పేసి, చెల్లెలి మొగుడు ఇంకో గుంజ పాతాడు. మధ్యలో గిన్నె బిగించారు. కవ్వం తాడే తరిమెన తాడు అయింది. చెల్లెలు లాగింది, అక్క తొలిచింది. నెర్రెలో ఎర్ర లక్క కరిగించి నింపింది. గేదెలకి కుడితి పెట్టడం మర్చిపోయి ఇంటిల్లిపాదీ చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి గిన్నె మెరిసిపోయింది. ఇంక లోపల అడుగున, తొలిచి లక్క పెట్టాల్సింది ఒక్క వరుస మిగిలింది, వేలెడు వెడల్పు.

అప్పుడు అక్క ఉలి కింద పెట్టేసింది.

"ఇదిలాగుండనీయే. పని మిగిలుంటే ఒట్టి సేతుల్తోటైనా రావొచ్చు."

అన్న మాట ప్రకారం ప్రతి వేసవికీ వచ్చేది. గిన్నె ఒళ్ళో పెట్టుకునేది. అడుగున బొటనవేలు తిప్పేది. ఈ కర్ర ఇంకా ఆరలేదే అనేది, మళ్ళీ గూట్లో పెట్టేసేది. ఆరిపోయి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

ఒక వేసవికి అక్క రాలేదు. ఏరు దాటే ఓపిక లేదని కబురు పంపింది. చెల్లెలు చూలింత, కదలకూడదు. బిడ్డ పుట్టి నీళ్ళాడాక వెళ్దాంలే అనుకుంది. ఆ తర్వాత ఇంకో కబురు వచ్చింది. ఇంక వెళ్ళినా ఎవరూ లేరు.

చెల్లెలి పేరు అడిగావు కదా. బంగారమ్మ. అవును, నా పేరే. నేనే తల్లీ. అప్పుడు నా కడుపులో ఉన్నది మీ అమ్మ.

నువ్వు చింతపిక్కలు దాచుకునే గిన్నె ఉంది చూడు, గూట్లో. అంచు మీద ఎర్ర గీత ఉంటుందే, అదే. ఇదిగో, లోపల చెయ్యి పెట్టు. అడుగున గరుకుగా తగిలిందా? అక్కడ లక్క లేదు. మా అక్క వదిలేసిన వరుస.

ఏమిటీ, తాడు నువ్వు లాగుతావా? నా తల్లే. నువ్వూ లాగేదానివే, నేనూ లాగేదాన్నే. నాకు ఉలి పట్టడం రాదే. ఆ పట్టే చెయ్యి వెళ్ళిపోయింది. ఇంత ముసలిదాన్నయ్యాను, మనవరాలివి నువ్వొచ్చావు, అయినా నాకు మా అక్క కావాలి. అందుకే నాలుగు తట్టి ఆగుతాను.

సరే, కళ్ళు మూసుకో. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఏయ్, ఎవరది? నువ్వేనా ఊదింది?

మళ్ళీ ఊదు తల్లీ. ఇంకొక్కసారి.

గిన్నె గూటికి, తాడు గుంజకి,
గువ్వ గూటికి, గేదె పాకకి,
నాలుగు లాగి, ఒకటికి ఆగి,
కథ కంచికి, మనం అక్క ఇంటికి.