మంగళవారం ఆగిపోయిన మాట

కాకినాడలో ఇళ్ళ బేరాలు కుదిర్చే మధ్యవర్తులకు పేరయ్య గారే గురువు. ఆయనకో అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. ఆ చెప్పుల చప్పుడంటే మాకు హడలు.

ఆ బుధవారం పొద్దున అడిగినవాడు లోవరాజు. మాలో మాటకారి. పని మాత్రం ఆదరాబాదరా.

"ఒక్క పూట ఆలస్యమైతే కొంపలు మునుగుతాయాండీ గురువుగారూ?" అన్నాడు.

సంగతేమిటంటే, జగన్నాథపురంలో ఎస్తేరమ్మ గారనే రిటైరైన నర్సు తన ఇల్లు అమ్ముతున్నారు. కొనదలచినవాళ్ళు మంగళవారం సాయంత్రంలోగా తమ మాట చెప్పాలని గడువు పెట్టారు. లెక్కల మేష్టారు సూర్యారావు గారూ, ఆయన భార్య రత్నమాణిక్యం గారూ తాము ఇవ్వగల ధర సోమవారమే లోవరాజుతో చెప్పి, ఆవిడకి అందించమన్నారు. మధ్యవర్తి ఉండగా ఇరుపక్షాలూ నేరుగా ధర మాట్లాడుకోకూడదని మా పద్ధతి. కాబట్టి వాళ్ళు వీణ్ణే నమ్ముకుని కూర్చున్నారు. వీడేమో, మంగళవారం పూట ఇంటి మాట ఎవడెత్తుతాడు, బుధవారం మంచిదని తనంతట తనే తేల్చేసుకున్నాడు. కొనేవాళ్ళని అడగలేదు, అమ్మే ఆవిణ్ణీ అడగలేదు. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, మంగళవారం పట్టింపు ఆవిడకి ఉండదన్న ఆలోచనే ఆ బుర్రకి తట్టలేదు.

పేరయ్య గారు చెప్పులు వేసుకున్నారు. నేనూ వెంట బయల్దేరాను.

దారి పొడుగునా లోవరాజు వాగుతూనే ఉన్నాడు. "ఆవిడ మంచిదండి. ఏమీ అనుకోదండి. ఇప్పుడెళ్ళి చెప్పేద్దామండి." గురువుగారు నడక ఆపలేదు. వంతెన దాటేసరికి వాడి గొంతు తగ్గింది. బడి వీధి మలుపు తిరిగేసరికి పూర్తిగా ఆగిపోయింది.

ఎదురుగా సూర్యారావు మేష్టారు, కళ్ళకి తువ్వాలు కట్టుకుని, బడి గోడ మీద అరచెయ్యి ఆనించి నడిచి వెళ్తున్నారు. వెనకే రత్నమాణిక్యం గారు, పడితే పట్టుకుందామని చేతులు చాచి, ముట్టుకోకుండా. మేష్టారి చూపు ఏడాదిగా తగ్గిపోతోందని మాకు తెలుసు. ఇక పూర్తిగా పోతుందని డాక్టర్లు చెప్పేశారు. అయినా పాఠాలు చెప్పుకోవచ్చని బడివాళ్ళు మాటిచ్చారు. చూపు పోయాక ఎవరి సాయమూ లేకుండా, గోడ పట్టుకుని ఆయన బడికి వెళ్ళి రాగల ఇల్లు ఊరంతటికీ ఆ గోడ చివరున్న ఎస్తేరమ్మ గారిదొక్కటే. వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది, నిజం చెప్పాలంటే.

మేష్టారి చెయ్యి ఆ ఇంటి గేటుకి తగిలింది. గడియ తడిమి చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వారు. "చూశావా మాణిక్యం! ఎక్కడా తడబడలేదు!"

గేటు చప్పుడికి ఎస్తేరమ్మ గారు బయటికొచ్చారు. ఆయన కళ్ళకున్న తువ్వాలు చూసి గబగబా మెట్లు దిగారు.

"మేష్టారు గారూ, నిన్న దీపాలు పెట్టేదాకా మీ కబురు కోసం చూశానండి. రాకపోయేసరికి మీకు ఇష్టం లేదనుకున్నాను. వేరేవాళ్ళకి మాటిచ్చేశాను. ప్రభువు మీద ఆన, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనండి."

"సోమవారమే పంపించాం కదండీ!" అంటూ ఇటు తిరిగిన రత్నమాణిక్యం గారికి లోవరాజు కనబడ్డాడు. ఆవిడ తిట్టలేదు, శపించలేదు. అలా చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు నా మీద పడనందుకు నేను లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"మంగళవారమని... నేనే ఆపానండి," అన్నాడు లోవరాజు.

మేష్టారు తువ్వాలు విప్పలేదు. గేటు మీది చెయ్యి తీయలేదు. నవ్వు మాత్రం పోయింది. "మరిప్పుడు ఎటు వెళ్ళాలి మాణిక్యం?" అన్నారు భయంగా. "నేను ఈ దారి ఒక్కటే నేర్చుకున్నాను."

పేరయ్య గారు లోవరాజు వైపు చూసి, మేష్టారి కేసి తల ఊపారు. వాడు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి మేష్టారి చెయ్యి అందుకున్నాడు.

"గురువుగారూ," అన్నాడు, "నా చెయ్యి వణుకుతోందండి."

"వణకనీరా," అన్నారు పేరయ్య గారు. "ఇకమీదట ఎవరి మాట మోసినా ఆ చేత్తోనే మొయ్యి."